ముందు లేచినవాడు

ఏడో ఆవు తోక విసురుగా వచ్చి అతని మూతికి అడ్డంగా తగిలింది. తోక కుచ్చుకి పట్టిన పేడ తడి ఇంకా ఆరలేదు. అతను తల పక్కకి తిప్పి ఉమ్మాడు, భుజానికి మూతి తుడుచుకున్నాడు, చేతులు మాత్రం ఆపలేదు. ఒకదాని వెనక ఒకటిగా రెండు ధారలూ బకెట్లో పడుతూనే ఉన్నాయి. నలభై ఐదేళ్ళుగా రోజుకి రెండు పూటలా ఇదే పని. పోనుపోను అలవాటైపోతుందని మొదట్లో అందరూ అన్నారు. చేతులకి అలవాటైంది. ముక్కుకి ఈనాటికీ కాలేదు.

అతన్ని అందరూ చిన్నాయన అంటారు. ఇద్దరు అన్నదమ్ముల్లో చిన్నవాడు కాబట్టి ఎప్పుడో పడిన పిలుపు అది. మొన్నటికి అరవై ఆరు నిండాయి, ముందుపళ్ళు రెండు ఊడాయి, నడుం ఎడమవైపుకి ఒరిగిపోయింది, అయినా చిన్నాయనే. పాలవ్యాను డ్రైవరు, ఎరువుల కొట్టువాడు, ఆఖరికి నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. సొంత పేరొకటి ఉందన్న సంగతి మందులచీటీ మీద చూసుకున్నప్పుడే గుర్తొచ్చేది.

అతను కూర్చున్న ముక్కాలిపీట తండ్రి చేతిది. కొట్టంలో గచ్చు పేడకాలవ వైపుకి వాలుగా ఉంటుందని ఆయన ఒక కాలు బొటనవేలంత పొట్టిగా కోశాడు. ఆ పొట్టికాలు ఎటు పెట్టాలో, ఎడమ మోకాలు ఎక్కడ ఆనించాలో తెలియనివాడు కూర్చుంటే పీట తిరగబడుతుంది. అన్న కొడుకు ఆరేళ్ళప్పుడు సరదాపడి కూర్చుని కాలవలో పడ్డాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా పేడనీళ్ళు కారుతూ ఏడుచుకుంటూ ఇంట్లోకి పరుగెత్తాడు. మళ్ళీ కొట్టం గడప తొక్కింది లేదు. ఇప్పుడు వాడికి నలభై దాటాయి.

చిన్నాయనకి పాలంటే రోత. కాచిన పాల మీద మీగడ కట్టి ముడతలు పడుతుంటే చూడలేడు. ఊహ తెలిశాక గుక్కెడు తాగిన పాపాన పోలేదు. పశువులంటే నీకెంత ప్రేమయ్యా అని ఎవరైనా మెచ్చుకోబోతే చిర్రెత్తుకొచ్చేది. ప్రేమేమిటి? పొదుగు వాస్తే చీము పిండాలి. ఈనిన ఆవుకి మాయ పడకపోతే భుజం దాకా చెయ్యి పెట్టి లాగాలి, ఆ కంపు మూడురోజుల పాటు అన్నం కంచం దగ్గర కూడా వదలదు. అతనికి కావలసింది ప్రేమ కాదు. ఇంటిల్లిపాదిలో అతని మాట చెల్లే చోటు ఈ కొట్టం ఒక్కటే. ఏ ఆవుకి ముందు పితకాలి, ఏ దూడని ఎప్పుడు వదలాలి, ఏది వట్టిపోయింది, ఇవన్నీ అతనే తేలుస్తాడు, ఎవరినీ అడగడు. అది పోతే తను ఎందుకూ పనికిరాని ముసలివాడని అతనికి బాగా తెలుసు.

పదకొండో ఆవు కూడా అయ్యాక పాలు వడగట్టి క్యానుల్లో పోసి మూతలు బిగించాడు. పార తీసుకుని కాలవ ఎత్తడం మొదలుపెట్టాడు. మూల దగ్గర నీళ్ళు నిలిచిపోయి ఉంటే పారతో కెలికాడు. ఉబ్బిపోయిన ఎలుక ఒకటి పైకి తేలింది, బొచ్చంతా ఊడిపోయి తెల్లగా ఉంది. ఊపిరి బిగబట్టి దాన్ని పారతో ఎత్తి పెంటకుప్పలో పూడ్చాడు. తర్వాత చెయ్యి కడుక్కుని ఇంటి వెనక్కి నడిచాడు.

అన్న పడకగది వెనక కిటికీ గట్టు మీద ప్లాస్టిక్ డబ్బా సిద్ధంగా ఉంది. అన్నకి డెబ్భై నాలుగేళ్ళు. ఆయనకి నాలుగేళ్ళుగా మూత్రం ఆగదు. పగలు రెండు గంటలకోసారి లేస్తాడు, రాత్రి డబ్బాలో పోసి తెల్లవారేసరికి కిటికీలో పెడతాడు. అది తీసుకుపోయి పారబోసే పని ఎలా వచ్చిందో తెలియకుండానే చిన్నాయన మీదికి వచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎటూ కాలవ కడుగుతున్నాడు కదా అనుకుని ఉంటారు. ఆవు మూత్రం ఘాటుగా ఉన్నా ఓర్చుకోవచ్చు. మాత్రలు మింగే మనిషిది అలా కాదు, తియ్యగా మురిగిన వాసన వేస్తుంది. డబ్బా అడుగున తెల్లగా గార కట్టింది. అది పీచుతో తోముతున్నప్పుడల్లా అతనికి అన్న మొహం కళ్ళముందు కనపడేది.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి చార్టులావిడ వస్తుంది.

ఆవిడ పని, కుటుంబాలు సాగు చేసుకునే పొలాలకి రాబోయే ఇరవై ఏళ్ళకి పథకం తయారుచేసి పెట్టడం. ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. చెప్పులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని పొలమంతా తిరిగింది, మట్టి పొట్లాలు కట్టుకుపోయింది, బావి లోతు కొలిచింది. మంచి మనిషే. వాలు చేలో వాన నీళ్ళు ఎటు పారుతాయని అతన్ని కూర్చోబెట్టి అడిగింది ఆవిడొక్కతే. భూమి ఎవరి పేరున ఉన్నా సరే, పనిచేసేవాళ్ళందరూ ఒప్పుకోకపోతే ఇలాంటి పథకాలు మూడో ఏటికల్లా చిత్తుకాగితాలవుతాయని మొదటి రోజే చెప్పింది. అందరూ ఒకచోట కూర్చుని సరే అంటేనే తను సంతకాలు పెట్టిస్తుంది.

క్రితంసారి పాలగిన్నె లోపల పెట్టడానికి వెళ్ళినప్పుడు బల్ల మీద పరిచి ఉన్న ఆ కాగితాన్ని చిన్నాయన చూశాడు. పక్క దుప్పటంత ఉంది. ఇరవై గళ్ళు, గడికో ఏడాది. అన్నది నీలం రంగు, పన్నెండో ఏటి దాకా నడిచింది. అన్న కొడుకుది ఆకుపచ్చ, కోడలిది పసుపు. వాలు చేలో పళ్ళచెట్లు, ఆరో ఏట తొలికాపు. పల్లపు చేలో చెరువు. కోడలికి పూలు పెంచే పందిళ్ళు. పశువుల కొట్టం ఉన్నచోట పళ్ళు నిలవచేసే కోల్డ్ రూము. అతనికోసం వెతికితే మొదటి ఏటి గడిలో అడుగున బూడిదరంగు ముక్క ఒకటి దొరికింది. ఆవుల అమ్మకం, కొట్టం తొలగింపు, చిన్నాయనకి విశ్రాంతి, అని మూడే మాటలు. మిగతా పంతొమ్మిది గళ్ళలో ఆ రంగు ఎక్కడా లేదు.

వాలు చేలో పళ్ళచెట్లు వెయ్యాలన్నది ముప్పై ఏళ్ళ కిందట అతను చెప్పిన మాటే. అక్కడ నీరు నిలవదు, రాతినేల, చెట్టే దానికి తగినది అని ఇదే బల్ల దగ్గర చెప్పాడు. అన్న నవ్వి కొట్టిపారేశాడు. ఇప్పుడు చార్టులావిడ ఈ ఆలోచన ఎవరిదని అడిగితే నాదేనమ్మా అని మీసం సవరించుకున్నాడు. పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ చిన్నాయన ఆ మాట విన్నాడు. ఎలుకని ఎత్తినప్పటి రోతే అది, కాకపోతే దీన్ని పూడ్చడానికి చోటు లేదు.

ఆ ఇంట్లో తండ్రినాటి నుంచి ఒక పద్ధతి ఉంది. ఏ సంగతైనా భోజనాల బల్ల దగ్గరే తేలాలి. మాట తెగకముందు బల్ల దగ్గర నుంచి ఎవరు లేస్తే వాళ్ళు ఒప్పుకున్నట్టు లెక్క. కొడుకులిద్దరూ కుర్రతనంలో విసురుగా లేచిపోయి, తర్వాత నాలుగురోజులు గొణుగుతూ తిరుగుతుంటే విసిగిపోయి తండ్రి పెట్టిన కట్టడి అది. లేచిపోయినవాడి గొణుగుడు నా దగ్గర చెల్లదు అన్నాడు. మంచిదే. కాకపోతే పెద్దకొడుక్కి పొద్దంతా కూర్చునే తీరిక ఉంది. చిన్నకొడుక్కి నాలుగింటికల్లా ఆవులు అరుస్తాయి.

తండ్రి పోయాక భూమి ఎవరి పేరున రాయించాలన్న మాట సాగి సాగి నాలుగైంది. చిన్నాయన లేచాడు. తిరిగొచ్చేసరికి వీలుగా ఉంటుందని మొత్తం అన్న పేరున తేలింది. ఇంకో నాలుగేళ్ళకి అతనికొక సంబంధం వచ్చింది. బట్టలు కుట్టే పిల్ల, చామనఛాయ, గట్టిగా నవ్వేది. సంత దగ్గర రెండుసార్లు మాట్లాడాడు కూడా. ఇంకో సంసారానికి ఈ ఇంట్లో చోటెక్కడిదని అన్న మొదలుపెట్టాడు. అదే సమయానికి కొట్టంలో ఈనుతున్న ఆవుకి దూడ అడ్డం తిరిగింది. అతను లేచి పరుగెత్తాడు. భుజం దాకా నెత్తురుతో గంటన్నర తర్వాత వస్తే, వద్దని కబురు పంపేశామన్నారు. నువ్వు లేచావుగా అన్నాడు అన్న. దూడ కూడా బతకలేదు. ఆ తర్వాత మేడమీద అతని గది కొత్తగా పెళ్ళైన అన్న కొడుక్కిచ్చి కొట్టం పక్క గదికి అతన్ని మార్చడం, మరేవేవో. అన్నీ మూడుముప్పావుకే మొదలయ్యేవి.

ఆ గుట్టు విప్పింది వదిన. ఎనిమిదేళ్ళ కిందట మంచాన పడి ఉన్నప్పుడు, ఇంకెన్నాళ్ళో ఉండనని తెలిశాక, అతను మందు తెచ్చిస్తే మెల్లగా చెప్పింది. మీ అన్న గడియారం చూసుకునే మాట ఎత్తుతారయ్యా, ఇన్నాళ్ళూ నోరుమూసుకున్నాను, నన్ను క్షమించు అంది. అతను మందు తాగించి కొట్టంలోకి పోయాడు. ఆ తర్వాత కూడా నాలుగైతే లేస్తూనే వచ్చాడు. తెలిసీ లేచినందుకు అతనికి అన్న మీదకన్నా తన మీదే ఎక్కువ ఏవగింపు.

పాలు ముందే పితికేసి కూర్చుందామంటే కుదరదు. పొదుగు నిండందే ఆవు చేపదు, పాలు వదలదు. ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంటకి ప్రయత్నిస్తే మూడో ఆవు మోకాలి చిప్ప మీద తన్నింది.

కాబట్టి ఈసారి ఆవులు అరిస్తే అరవనీ అనుకున్నాడు. ఉదయం పదింటి నుంచీ మంచినీళ్ళు ముట్టలేదు. రెండింటికి ఐదు నిమిషాల ముందు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. అతని కుర్చీ గుమ్మం పక్కనే ఉంటుంది, మధ్యలో లేచేవాడు కదా అని. అన్న అప్పుడే దొడ్డివైపు నుంచి పంచె సర్దుకుంటూ వచ్చి, చేతులున్న తండ్రి కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు. అన్న కొడుకు, కోడలు ఒకవైపు. చార్టులావిడ ఎదురుగా, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని.

మొదటి గంట చెట్ల గురించి గడిచింది, రెండో గంట నీళ్ళ గురించి. అన్న మధ్యమధ్య తన చిన్నప్పటి కథలు ఎత్తుకుని సాగదీశాడు. చెంబులో నీళ్ళు రెండుసార్లు తాగాడు, మాత్ర వేసుకోవాలన్నాడు. ఆయన గోడ గడియారం వైపు చూడడం చిన్నాయన గమనించాడు. మూడుముప్పావు కాగానే అన్న గొంతు సవరించుకున్నాడు. ఇక మిగిలింది మొదటి ఏటి సంగతే కదమ్మా, అదీ తేల్చేద్దాం అన్నాడు.

నాలుగింటికి పెద్దావు అరిచింది. దాని వెనక ఇంకోటి. చిన్నాయన మోకాళ్ళు వాటంతటవే బిగిశాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

“బాబాయ్, టైమైంది” అన్నాడు అన్న కొడుకు.

“తెలుసు.”

“ఆవులు అరుస్తున్నాయిరా” అన్నాడు అన్న.

“వింటున్నాను.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చార్టులావిడకి ఆ ఇంటి పద్ధతి సంగతి అన్నే గొప్పగా చెప్పి ఉన్నాడు. మీ ఇంట్లో నిర్ణయాలు తీసుకునే తీరు చాలా బాగుందండీ అని ఆవిడ దాన్ని కాగితం మీద కూడా ఎక్కించింది. ఇప్పుడు కలం పట్టుకుని చిన్నాయన వైపు తిరిగింది. మీకేం కావాలో చెప్పండి, రాసుకుంటాను అంది. నలభై ఐదేళ్ళలో ఆ బల్ల దగ్గర అతన్ని అలా అడిగినవాళ్ళు లేరు. తొడల కింద నుంచి రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగురోజులుగా కొట్టంలో ఆవుల మధ్య నడుస్తూ పదేపదే అనుకుని పెట్టుకున్న మాటే చెప్పాడు.

“నేనున్నన్నాళ్ళు ఆవులుండాలి. పదకొండూ అక్కర్లేదు, నాలుగైనా చాలు. కొట్టం ఉండాలి. నా తర్వాత మీ ఇష్టం.”

కోల్డ్ రూమును కొట్టం పక్కకి జరపొచ్చని చార్టులావిడ రబ్బరు తీసింది. పెద్ద ఇబ్బందేమీ లేదంది. అన్న కొడుకు భార్య వైపు చూశాడు, ఆమె భుజాలెగరేసింది, అంటే ఫరవాలేదన్నట్టే. ఒక్క క్షణం చిన్నాయనకి ఊపిరి తేలికైంది. అంతలో అన్న బల్ల మీద అరచెయ్యి పరిచాడు. కుదరదు, రాసింది రాసినట్టే ఉండాలి అన్నాడు. ఎందుకని ఆవిడ అడిగితే మళ్ళీ అదే మాట అన్నాడు. కారణం ఉంటే కదా చెప్పడానికి. తమ్ముడు లేవకపోవడం ఆయన తట్టుకోలేకపోయాడు, అంతే.

ఇద్దరూ కూర్చునే ఉన్నారు. నాలుగున్నర అయింది. ఐదు కావచ్చింది. పదకొండు ఆవులూ ఒక్కపెట్టున అరుస్తున్నాయి, కిటికీ రెక్కలు అదురుతున్నాయి. పొదుగులు రాయిలా బిగిసిపోయి ఉంటాయని, పెద్దావుకి పాలు వాటంతటవే కారి పేడలో కలిసిపోతుంటాయని అతనికి తెలుస్తూనే ఉంది. అవి తనని తిడుతున్నట్టే ఉంది. అయినా లేవలేదు. అన్న నుదుటి మీద చెమట పట్టింది. కుర్చీలో అటూ ఇటూ మెసిలాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు, తీశాడు. ఆయన లేవక తప్పదు, రెండింటికి వెళ్ళాడు, మూడు గంటలైంది, మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాడు. లేస్తే తండ్రి పెట్టిన కట్టడి ఆయనకీ వర్తిస్తుంది. ఇన్నేళ్ళకి ఒక్కసారి తను గెలవబోతున్నాడని చిన్నాయనకి అర్థమైంది. గెలుపు ఎలా ఉంటుందో అతనికి తెలియదు.

అప్పుడు చప్పుడు వినిపించింది. కుర్చీ అడుగున సన్నగా, ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. ఆ తియ్యటి మురుగు వాసన బల్ల మీదుగా వచ్చింది. రోజూ పొద్దున్నే అతను మోసే వాసన అది, ఏ గదిలో ఉన్నా గుర్తుపడతాడు. కిందికి చూశాడు. అన్న పంచె ముదురు రంగుకి తిరిగింది. చెప్పుల చుట్టూ తడి చేరి, గచ్చు వాలు వెంట పాకుతూ బయల్దేరింది. కడిగిన నీళ్ళు బయటికి పోవాలని ఆ గచ్చు వాలు గుమ్మం వైపే ఉంది. గుమ్మం దగ్గర అతని పాదాలున్నాయి.

చార్టులావిడ కాళ్ళ దగ్గరి సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, కాగితం మీద నుంచి తలెత్తలేదు. కోడలు చేత్తో ముక్కు మూసుకుంది. అన్న కొడుకు పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కరు కూడా లేవలేదు. నాన్నా లేవండి అనైనా అనలేదు. ఎవరికి వాళ్ళు ఆ కాగితం మీద తమ తమ రంగుల్ని కాపాడుకుంటున్నారు.

అన్న మాత్రం తిన్నగా తమ్ముడి కళ్ళలోకే చూస్తున్నాడు. ఆ మొహంలో సిగ్గు లేదు. పెదవి ఒక మూల కొంచెం పైకి లేచి ఉంది. తడిసిన పంచెతో, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, కొడుకూ కోడలూ పరాయి ఆడమనిషీ చూస్తుండగా, ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని హాయిగా కూర్చున్నాడు.

తడి చిన్నాయన కాలివేళ్ళని తాకింది. వెచ్చగా ఉంది. అతని పొత్తికడుపూ నిండే ఉంది, పొద్దుటి నుంచి నీళ్ళు ముట్టకపోయినా. అన్న చేసిన పనే తనూ చెయ్యొచ్చు. అలాగే కూర్చుని వదిలేస్తే సరి. ఎవరు ఎంతసేపు తమ తడిలో తాము కూర్చోగలరన్నదే పోటీ అయితే, పేడలో నలభై ఐదేళ్ళున్నవాణ్ణి ఈ ఇంట్లో ఎవరూ ఓడించలేరు. అతనికి ఆ సంగతి స్పష్టంగా తెలిసింది. అలా గెలిచిన తన మొహం ఎలా ఉంటుందో కూడా కనపడింది. ఎదురుగానే ఉంది అది. అవే చెవులు, అదే గడ్డం, అదే పెదవి మూల.

అతను లేచాడు.

అలవాటు కొద్దీ చెయ్యి గుమ్మం వెనక ఉన్న తుడుపుకర్ర మీదికి పోయింది. పట్టుకున్నాడు కూడా. ఒక క్షణం ఆగి, దాన్ని ఉన్నచోటే గోడకి చేర్చాడు. గడప దాటుతుంటే వెనక నుంచి అన్న గొంతు వినిపించింది.

“లేచాడు. రాసుకోండమ్మా.”

ముందు బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు, మూడుసార్లు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి పెద్దావు దగ్గర పీట వేసుకున్నాడు. పొదుగు వేడిగా, నున్నగా బిగిసిపోయి ఉంది. చెయ్యి వెయ్యగానే అది ఒళ్ళు జలదరించి, తర్వాత మెల్లగా చేపింది. ఒకదాని తర్వాత ఒకటి, తొందరపడకుండా, పదకొండూ పితికాడు. ఏడో ఆవు తోక మళ్ళీ మూతికి తగిలింది. ఉమ్మాడు. ఆఖరి చుక్క దాకా పిండాడు, రేపటికి ఏదీ మిగలనట్టు. దూడల్ని వదిలాడు, గడ్డి వేశాడు, తొట్టి నింపాడు. కాలవ ఎత్తలేదు. పీటని కూడా పదకొండో ఆవు పక్కనే వదిలేశాడు.

గదిలోకి వెళ్ళి సంచీలో రెండు చొక్కాలు, తువ్వాలు, మందులచీటీ పెట్టుకున్నాడు. పక్కబట్టలు మడిచి మంచం మీద పెట్టాడు. ఇంకేమైనా ఉందేమోనని చుట్టూ చూశాడు, ఏమీ లేదు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది.

పాలవ్యాను ఆరుముప్పావుకి వచ్చింది. క్యానులు అతనే ఎక్కించి, తనూ ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. డ్రైవరు వింతగా చూశాడు, ఇన్నేళ్ళలో చిన్నాయన వ్యాను ఎక్కింది లేదు.

“ఎక్కడికి చిన్నాయనా?”

“బండి ఎక్కడిదాకా పోతుంది?”

“డెయిరీ దాకా.”

“అక్కడిదాకా చాలు.”

ఇంటి కిటికీలోంచి ఫినాయిలు వాసన వస్తోంది. సంతకాలు అయినట్టున్నాయి, చార్టులావిడ కాగితాన్ని గోడకి అంటిస్తోంది. అన్న కొడుకు గాలికోసం వరండాలోకి వచ్చి, వ్యానులో బాబాయిని చూశాడు. మందులకి పోతున్నాడనుకుని చెయ్యి ఊపి లోపలికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆవులు అరిచాయి. కొంచెంసేపు ఎవరూ పట్టించుకోలేదు. రోజూ అరుస్తాయి, రోజూ ఆగుతాయి. ఆ రోజు ఆగలేదు. అన్న కొడుకు పెరట్లో నిలబడి బాబాయ్ బాబాయ్ అని నాలుగుసార్లు పిలిచాడు. గది తలుపు తోసి చూశాడు. డ్రైవరుకి ఫోను చేస్తే, డెయిరీ గేటు దగ్గర దిగి రోడ్డు దాటాడని, అవతల బస్సులు ఆగే చోట నిలబడ్డాడని, ఏ బస్సు ఎక్కాడో చూడలేదని చెప్పాడు. కిటికీ గట్టు మీద డబ్బా నిండుగా ఉంది. లోపల నుంచి పెద్దాయన డబ్బా తీసుకెళ్ళమని ఒకటే కేకలు.

కోడలు గోడ మీది కాగితం ముందు నిలబడి చాలాసేపు వెతికింది. మొదటి ఏడు ఉంది, ఆరో ఏట తొలికాపు ఉంది, ఇరవయ్యో ఏట మనవలకి అప్పగింత కూడా ఉంది. ఇవాళ పొద్దున ఆవులకి పాలెవరు పితకాలన్నది ఎక్కడా లేదు.

చివరికి అన్న కొడుకే ముక్కుకి గుడ్డ కట్టుకుని, బకెట్టు పట్టుకుని, ఆరేళ్ళప్పటి తర్వాత మొదటిసారి కొట్టంలో అడుగుపెట్టాడు. పదకొండో ఆవు పక్కన పీట కనపడితే దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నంతసేపు కూడా పట్టలేదు, పీట ఒరిగింది. బకెట్టు ఒకవైపు దొర్లింది, అతను ఇంకోవైపు పడ్డాడు, లేచి పేడ కారుతున్న చేతులు దూరంగా చాపుకుని వాంతి చేసుకుంటూ బయటికి పరుగెత్తాడు. ఎవరూ ఎత్తని కాలవలో, పేడనీళ్ళ మధ్య ముక్కాలిపీట తిరగబడి ఉంది, మూడు కాళ్ళూ పైకి, అందులో ఒకటి బొటనవేలంత పొట్టిగా.